మందు తాగుతారా? – పురానాపూల్ ఒడ్డున లిక్యూర్ కథ



తెలుగులో ‘మందు’ అనే మాటకు రెండు అర్థాలున్న సంగతి మీకు తెలియనిది కాదు. వైద్యుడు ఇచ్చేదీ మందే, వైద్యుడు వద్దనేదీ మందే. ఈ రెండర్థాల మాట వల్ల నేను ఒకసారి ఘోరంగా పొరబడ్డాను. ఈనాటి వ్యాసానికి ఆ పొరపాటే కారణం.

పురానాపూల్ దగ్గర నేను వైద్యం చేసిన రోజుల్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మధుమేహానికి నా వద్దకు వచ్చేవారు. మొదటిరోజే అడిగాను: “మాస్టారూ, మందు అలవాటు ఉందా?” “లేదు డాక్టర్ సాబ్, మా ఇంటా వంటా లేదు” అన్నారు. కాగితం మీద ‘లేదు’ అని రాసుకున్నాను. గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర నడుస్తున్నది. కొన్ని నెలల తరువాత ఒక తెల్లవారుజామున ఆయన కుమారుడు ఆటోలో తీసుకొని వచ్చాడు. ఒళ్లంతా చెమట, మాట ముద్ద, పిలిస్తే పలకడం లేదు. రక్తంలో చక్కెర 42. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకు కళ్లు తెరిచారు.

తరువాత కూర్చోబెట్టి అడిగితే అసలు విషయం బయటపడింది. విదేశం నుంచి వచ్చిన కుమారుడు కాఫీ వాసన వేసే ఒక తియ్యని సీసా తెచ్చాడు. అరుగుదలకు మంచిదని ఎవరో చెప్పగా రోజూ రాత్రి రెండు చిన్న గ్లాసులు పుచ్చుకుంటున్నారు. ఆ రాత్రి ఆకలి లేదని అన్నం మానేసి మాత్ర, సీసా మాత్రం మానలేదు. “అది మందు కాదు డాక్టర్ సాబ్, షర్బత్తు వంటిది. సీసా మీద లిక్కర్ అని లేదు, లిక్యూర్ అని ఉంది” అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. నా ప్రశ్నే సరిగా లేదు.

ఇంతకూ లిక్యూర్ అంటే ఏమిటి? దానికీ లిక్కర్‌కూ భేదమెక్కడ? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఫ్రాన్సు దాకా పోనక్కరలేదు. పురానాపూల్ మీద నిలబడి నాలుగు దిక్కులా చూస్తే అందులోని ముడిసరుకులన్నీ కనబడతాయి.

ఈ వంతెనను ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో కట్టించాడు. చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ కోటకూ మూసీకి దక్షిణాన తరువాత వెలసిన నగరానికీ మధ్య 22 కమానులతో నిలిచింది. ప్రేమకథ సంగతి అలా ఉంచండి. కులీ కుతుబ్, భాగమతుల కోసం కట్టారన్నది వినడానికి బాగుంటుంది కానీ, ఇంత గట్టి రాతి వంతెన సైన్యానికీ సరుకుకూ కావలసింది. పక్కనే కార్వాన్, వజ్రాల వర్తకులు, బిడారులు దిగిన చోటు. 17వ శతాబ్దిలో పలుమార్లు ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఝాఁ బాప్టిస్ట్ తావెర్నియే ఈ వంతెనను పారిస్‌లోని పోన్ నఫ్‌తో పోల్చి, అందంలో దానికి పెద్దగా తీసిపోదన్నాడు.

అదే తావెర్నియే ఇక్కడి తాగుడును గురించి కూడా రాశాడు. గుర్రాల మీద తోలుతిత్తులలో కల్లు నింపుకొని, దౌడు తీయిస్తూ నగరంలోకి తెచ్చేవారట. రోజుకు అయిదారు వందల గుర్రాలు వచ్చేవని అతని లెక్క. కల్లు మీద పన్ను రాజుగారికి మంచి రాబడి. నగరంలో వేశ్యలను అంతమందిని ఉండనివ్వడానికి కారణం కూడా అదేనని, వారి ఇళ్లున్నచోటే కల్లు దుకాణాలు వెలిసేవని అతని వ్యాఖ్య. ఆబ్కారీ ఆదాయం కోసం ప్రభుత్వాలు కళ్లు మూసుకోవడం మన కాలపు జాడ్యమనుకునేవారు ఈ మాట గమనించాలి.

గుర్రాలకు అంత తొందర ఎందుకో వైద్యునిగా నేను ఊహించగలను. తాటి, ఈత చెట్ల నుంచి దిగిన నీరా గంటల్లోనే పులిసి కల్లవుతుంది. మరునాటికి పుల్లబడి వినిగరు దారి పడుతుంది. పులియబెట్టడమంటే ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడవడం. కల్లులో ఆల్కహాలు సుమారు 5 శాతం. ఈస్టును ఎంత బతిమాలినా 15 శాతానికి అటూ ఇటూ చేరేసరికి తాను చేసిన ఆల్కహాలులో తానే చచ్చిపోతుంది. కల్లు, బీరు, ద్రాక్షసారాయం ఇంతవరకే వెళ్లగలవు. మొదటి మెట్టు ఇది.

రెండవ మెట్టు బట్టీ. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది, ఆల్కహాలు 78 వద్దనే. పులిసిన ద్రవాన్ని కాచి ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే ఆల్కహాలు చిక్కబడుతుంది. తొమ్మిదవ శతాబ్దిలోనే అరబ్బు పండితుడు అల్ కిందీ ద్రాక్షసారాయాన్ని ఇలా బట్టీ పట్టడం గురించి రాశాడు. బట్టీకి అరబ్బులు ‘అంబీఖ్’ అన్నారు; ఐరోపా భాషల్లోని ‘అలెంబిక్’ అదే. చుక్కచుక్కగా దిగే ఆ ద్రవానికి చెమట అనే అర్థంలో ‘అరఖ్’ అన్నారు. మన ప్రభుత్వ కాగితాలలో సారాను ‘అరక్’ అని రాసింది ఆ మాటతోనే. అక్బరు కాలపు ‘ఆయినే అక్బరీ’లో అబుల్ ఫజల్ చెరకు రసాన్ని పులియబెట్టి బట్టీ పట్టే మూడు విధానాలను వివరించాడు. రెండుసార్లు కాచిన దానిని ‘దో ఆతిషా’ అనేవారు, అంటే రెండు మంటలు చూసినది.

ఇక్కడొక విశేషముంది. అదే అర్క్ అనే మాట పాతబస్తీ యునానీ దుకాణాలలో ఇప్పటికీ వినబడుతుంది. అర్కె గులాబ్, సోంపుతో తీసిన అర్కె బాదియాన్, అర్కె కాస్నీ. ఇవీ బట్టీ పట్టినవే. కాని పులియబెట్టని మూలికలను నీటితో కలిపి కాచినవి. కనుక వీటిలో ఆల్కహాలు ఉండదు. ఏడవ నిజాం కాలంలో చార్మినార్ పక్కన కట్టిన నిజామియా తిబ్బీ ఆసుపత్రికి వచ్చే రోగికి అర్క్ అంటే ఔషధం. వంతెన అవతలి సారా దుకాణం ముందు నిలబడ్డవానికి అరక్ అంటే వేరు. పాత్ర ఒకటే, మాట ఒకటే. పాత్రలో ముందుగా పులిసిందా లేదా అన్నదే తేడా.

మూడవది షర్బత్తు. అరబీలో తాగుటకు సంబంధించిన ఒకే ధాతువు నుంచి షరాబు, షర్బత్తు రెండూ పుట్టాయి. మనం దగ్గుకు తాగే ‘సిరప్’ కూడా ఆ వంశంలోనిదే. చేదు మూలికను చక్కెర పాకంలో పెట్టి రోగి చేత తాగించడం యునానీ వైద్యుల నేర్పు.

ఇప్పుడు లిక్యూరును నిర్వచించడం సులభం. బట్టీ పట్టిన అరక్, అందులో నానవేసిన మూలికలో పండ్లతొక్కలో సుగంధద్రవ్యాలో, దాని మీద షర్బత్తు. ఈ మూడూ ఒక్క సీసాలో చేరితే లిక్యూరు. మన నగరంలో ఈ మూడూ పక్కపక్క వీధుల్లో వేరువేరుగా బతికాయి, ఐరోపాలో ఒకటయ్యాయి. లాటిన్‌లో కరిగించుట అనే అర్థమున్న ధాతువు నుంచి ఆ పేరు వచ్చింది.

ఐరోపా చట్టం ప్రకారం లిక్యూరులో ఆల్కహాలు కనీసం 15 శాతం, చక్కెర సాధారణంగా లీటరుకు కనీసం 100 గ్రాములు ఉండాలి. పేరులో ‘క్రెమ్’ అని ఉంటే 250 గ్రాములు. నల్ల కర్రెంటు పండ్లతో చేసే ‘క్రెమ్ ద కసీ’కి 400 గ్రాములు. క్రెమ్ అన్నారు కదా అని మీగడ ఉంటుందనుకోకండి, అది పాకం చిక్కదనానికి పెట్టిన పేరు. మీగడ కలిపిన లిక్యూర్లు వేరుగా ఉన్నాయి. 1970వ దశకంలో ఐర్లండులో పుట్టిన బెయిలీస్ అటువంటిది.

నా వద్దకు వచ్చే మధుమేహులలో పలువురు అడిగే ప్రశ్న ఒకటుంది. “రమ్ము చెరకు నుంచి వస్తుంది కదా, అందులో చక్కెర ఉండదా?” ఉండదు. చెరకు మడ్డిలోని చక్కెరను ఈస్టు తినివేస్తుంది. మిగిలినది బట్టీలో అడుగున ఉండిపోతుంది, ఎందుకంటే చక్కెర ఆవిరి కాదు. విస్కీ, బ్రాందీ, వోడ్కా, రమ్ము బట్టీ నుంచి దిగినప్పుడు వాటిలో చక్కెర లేదు. రంగు కోసమో రుచి కోసమో తరువాత కొద్దిగా కలిపితే కలపవచ్చు. జిన్నులో మూలికలున్నాయి, కాని తీపి లేదు కనుక అది లిక్యూరు కాదు. ఒకప్పుడు ఫ్రాన్సును పిచ్చెక్కించిందని పేరు మోసి 1915లో అక్కడ నిషేధానికి గురైన అబ్సింత్ కూడా ఇదే కారణంగా లిక్యూరు కాదు. తాగేవారు దాని మీద చక్కెర ముక్క పెట్టి నీళ్లు పోసుకునేవారు. అందులోని మాచిపత్రి జాతి మొక్కను దోషిగా నిలబెట్టారు కాని, అసలు దోషి చాలావరకు దానిలోని ఆల్కహాలేనని తరువాతి వైద్యుల అభిప్రాయం.

ఐరోపాలో ఈ మూడూ ఎలా కలిశాయో చూద్దాం. అరబ్బుల బట్టీ విద్య ఇటలీ, స్పెయిన్ వైద్యులకు చేరింది. 13వ శతాబ్ది చివర అర్నా ద విలనోవా అనే వైద్యుడు బట్టీ పట్టిన ద్రాక్షసారాన్ని ‘జీవజలం’ అని పొగిడాడు. మూలికల సారాన్ని నీటికంటే ఆల్కహాలు బాగా లాగుతుంది, చెడిపోకుండా నిలుపుతుంది. ఇది నిజమే, ఈనాటికీ టింక్చర్ల తయారీలో వాడేది ఆ గుణాన్నే. మఠాలలో సన్యాసులే వైద్యులు, మూలికల తోట వారిదే, బట్టీ వారిదే. చక్కెర ఆనాడు మందుల దుకాణంలో తూచి అమ్మే ఖరీదైన సరుకు. కార్తూసియన్ సన్యాసులకు 1605లో ఒక మూలికా రసాయనపు రాతప్రతి చేరింది. దానిని సాధించడానికి వారికి శతాబ్దిన్నర పట్టింది; 1764 నాటికి సూత్రం కుదిరింది. 130 మూలికలు వేస్తామని చెబుతారు. వారి పాత ‘ఎలిక్సిర్’లో ఆల్కహాలు 69 శాతం, ఆకుపచ్చ షార్ట్రూజ్‌లో 55 శాతం. మన విస్కీలో ఉండేది 42.8. లిక్యూరంటే బలహీనమైన పానీయమనుకునేవారు ఈ అంకెను ఒకసారి చూడాలి.

మఠం పేరు చెప్పుకున్న ప్రతి సీసా మఠంలో పుట్టలేదు. బెనెడిక్టీన్‌ను 1863లో తయారుచేసిన వాడు అలెగ్జాండర్ ల గ్రాఁ అనే వర్తకుడు. పదహారవ శతాబ్ది సన్యాసి సూత్రం దొరికిందని కథ అల్లి అమ్మాడు. ‘పూర్వుల రహస్య మూలికలు’ అనే ప్రకటనల విద్య మన కేశతైలాల వారితో మొదలు కాలేదు.

మన ప్రాంతానికీ ఈ కథకూ ఉన్న బంధం సుగంధద్రవ్యాలది. డచ్చివారి బోల్స్ కంపెనీ తన పుట్టుకను 1575గా చెప్పుకుంటుంది. అంటే పురానాపూల్ కంటే మూడేళ్లు పెద్ద. లవంగాలు, జాజికాయ, దాల్చిన వేసిన లిక్యూర్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారయ్యాయి. ఆ కుటుంబానికి చెందిన లూకాస్ బోల్స్ డచ్చి ఈస్టిండియా కంపెనీలో వాటాదారు కూడా. లవంగాలు, జాజికాయ పండే తూర్పు దీవులలో ఆనాడు వెండి కంటే ఎక్కువగా చెల్లిన నాణెం కోరమండల్ బట్ట. దాని కోసమే 17వ శతాబ్ది మొదట్లో డచ్చివారు గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నంలో దిగారు. మన నేతగాండ్ర బట్టలు ఓడలెక్కి దీవులకు పోయి లవంగాలై, ఆమ్‌స్టర్‌డామ్ చేరి తియ్యని సారాలో మునిగాయి. ఈనాడు పురానాపూల్ నుంచి బేగంబజారుకు నడిచి వెళితే ఆ వస్తువులన్నీ గోనెసంచులలో కనబడతాయి: షాజీరా, సోంపు, యాలకులు, దాల్చిన, కుంకుమపువ్వు. జర్మనుల ‘క్యుమ్మెల్’ లిక్యూరు రుచి మన షాజీరాకు దగ్గరి చుట్టం.

మరి మనవారు ఈ మూడింటినీ కలపలేదా? ఆయుర్వేదంలోని ఆసవాలు, అరిష్టాలు కొంత దగ్గరగా వస్తాయి. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం బెల్లంతోనూ ధాతకీ పుష్పాలతోనూ పులియబెట్టినవి. మూలికలున్నాయి, తీపి ఉంది, ఆల్కహాలు దానంతట అదే పుడుతుంది. బట్టీ మాత్రం లేదు. కనుక ఇవి లిక్యూర్లు కావు, మూలికా సారాయాలు. వీటిలో సహజంగా పుట్టే ఆల్కహాలు 12 శాతం దాకా ఉండవచ్చునని మన నిబంధనలే ఒప్పుకుంటాయి. అంటే కల్లుకు రెట్టింపు పైమాట. అరిష్టం తాగేవారిని నేను తప్పుపట్టడం లేదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భవతులు ఆ సంగతి వైద్యునికి చెప్పాలంటున్నాను, అంతే.

పురానాపూల్ పక్కనే ఉన్న ధూల్‌పేట గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. గణేశ విగ్రహాలకూ గాలిపటాలకూ పేరుపడ్డ ఆ పేట చాలాకాలం గుడుంబాకు కూడా పేరు మోసింది. బెల్లాన్ని నవాసాగరంతో పులియబెట్టి కాచిన సారా అది. అందులో మూలిక లేదు, పాకం లేదు, కొలత అసలే లేదు. గుడుంబా తాగి చూపు పోయినవారి గురించి మీరు వినే ఉంటారు. బెల్లం పులిసినప్పుడు మెథనాల్ చాలా స్వల్పంగానే పుడుతుంది. చూపు పోగొట్టేది మత్తు పెంచడానికో ఖర్చు తగ్గించడానికో కలిపిన పారిశ్రామిక స్పిరిట్. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లమై కంటినరాన్ని కాల్చివేస్తుంది. తాగిన కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాడు, మంచులో చూసినట్లు చూపు మసకబారుతుంది. అప్పుడు ‘దిగిపోతుందిలే’ అని పడుకోబెట్టకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. విరుగుడు ఉంది, ఆలస్యమైతే పనిచేయదు.

సారా చరిత్రలో మన స్త్రీల మాట కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో తొలగిపోయింది. ఆ స్త్రీలు సారా ఏ రకమో, ఎన్ని శాతమో విచారించలేదు. కూలి డబ్బు ఎక్కడికి పోతున్నదో చూశారు.

ఈమధ్య మన నేల మీదే లిక్యూరు కూడా పుట్టింది. చిత్తూరు జిల్లాలో కిత్తనార జాతి మొక్కల నుంచి స్పిరిట్ తీసే డెస్మండ్‌జీ సంస్థ 2018లో ఇప్పపూల సారానూ, ఇప్పపూల లిక్యూరునూ వేరువేరుగా విడుదల చేసింది. పులిసిన ఇప్పపూలను బట్టీ పడితే సారా. దానికి మసాలా దినుసులు, తేనె చేర్చితే లిక్యూరు. ఆదిలాబాద్ గోండుల ఇళ్లలో పండుగనాడు దైవానికి పోసే ఇప్పసారా, నగరంలో మెరిసే సీసా ఒకే పువ్వు నుంచి వచ్చాయి. వాటి ధరకూ, వాటి మీద పోలీసుల చూపుకూ మాత్రం పోలిక లేదు.

ఇక నా మాస్టారి సీసా దగ్గరకు వద్దాం. 20 శాతం ఆల్కహాలు, లీటరుకు 250 గ్రాముల చక్కెర అనుకోండి. 60 మిల్లీలీటర్లలో తొమ్మిదిన్నర గ్రాముల ఆల్కహాలు, 15 గ్రాముల చక్కెర. అంటే దాదాపు 30 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేంత ఆల్కహాలు, దాని మీద నాలుగు చెంచాల పంచదార. కెలోరీలు 125 పైన. ఇక్కడ ఒక విచిత్రం జరుగుతుంది. తాగిన వెంటనే చక్కెర పెరుగుతుంది. గంటలు గడిచాక కాలేయం ఆల్కహాలును విరగగొట్టే పనిలో పడి, కొత్త గ్లూకోజు తయారీని పక్కన పెడుతుంది. కడుపు ఖాళీగా ఉండి, ఇన్సులినో గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రో పనిచేస్తుంటే, తెల్లవారుజామున చక్కెర పడిపోతుంది. రాత్రి పడుకునే ముందు గ్లూకోమీటరులో అంకె ఎక్కువగా చూసి మరో మాత్ర వేసుకునేవారూ ఉన్నారు. వారి ప్రమాదం రెట్టింపు. చెమట, వణుకు, తొట్రుపాటు చూసి ఇంట్లోవారు ‘తాగిన మైకం’ అనుకుంటే కాలం చేజారుతుంది.

అరుగుదల సంగతి కూడా చెప్పాలి. భోజనం తరువాత ఆల్కహాలు కడుపును త్వరగా ఖాళీ చేయించదు, నెమ్మదింపజేస్తుంది. తేలికగా అనిపించేది మత్తు వల్ల. తీపి ఘాటును కప్పుతుంది కనుక ఎంత తాగామో నాలుకకు తెలియదు. ఆల్కహాలును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది; సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. సన్యాసులు చేసినా సర్కారు చేసినా ఆ అణువు ఒకటే.

ఆనాటి నుంచి నేను రోగిని ‘మందు తాగుతారా’ అని అడగడం మానివేశాను. “కల్లుగాని, బీరుగాని, వైనుగాని, విదేశాల నుంచి వచ్చిన తియ్యని సీసాగాని, అరిష్టంగాని, బలానికని తాగే టానిక్కుగాని ఏదైనా పుచ్చుకుంటారా? ఎంత? అన్నానికి ముందా, తరువాతా?” అని అడిగేవాడిని. నిమిషం ఎక్కువ పట్టేది. మీ వైద్యుడు అంత వివరంగా అడగకపోతే మీరే చెప్పండి. సీసా మీద శాతం ముద్రించి ఉంటుంది, దాని ఫొటో తీసుకొని వెళ్లినా సరే.

మాస్టారి మాత్ర మార్చాను. తరువాతి నెల వచ్చినప్పుడు సీసా ఏం చేశారని అడిగాను. “పడేయబుద్ధి కాలేదు డాక్టర్ సాబ్, కొడుకు తెచ్చినది కదా. మా కోడలు కేకులో వేస్తానని తీసుకున్నది” అని, ఒక్క క్షణం ఆగి, “ఆ కేకు నేను తినవచ్చునా?” అని అడిగారు.